సవరణ: ఫెరారీ 365 జీటీబీ/4, డేటోనా రేసు

ఇటలీ కంపెనీ ఫెరారీ తయారుచేసిన స్పోర్ట్స్ కారు 365 జీటీబీ/4 గురించి గతంలో రాసిన టపాలో, ఈ కారు 1967లో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసు గెలిచిందని ఉంది. అది సరికాదు. ఈ కారు తొలిసారి జనం కంటపడిందే 1968 పారిస్ మోటార్ షోలో. 1967 రేసులో మొదటి మూడు స్థానాలూ ఫెరారీవే, కానీ అవి ఇంజిన్ డ్రైవరు వెనుక ఉండే రేసుకార్లు: రెండు 330 శ్రేణివి, ఒకటి 412పీ. ఆ విజయం గుర్తుగానే అభిమానులూ పత్రికలూ 365 జీటీబీ/4ను 'డేటోనా' అన్నారు. ఫెరారీ పెట్టిన పేరు మాత్రం 365 జీటీబీ/4.

365 జీటీబీ/4 ఇంజిన్ ముందు ఉంటుంది: 4.4 లీటర్లు, 12 సిలిండర్లు, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే ఆరు వెబర్ కార్బురేటర్లు. గేర్‌బాక్సు కూడా ముందే ఉందని ఆ టపాలో రాసిన వాక్యాన్నీ సరిచేయాలి. అది వెనుక చక్రాల దగ్గర, డిఫరెన్షియల్‌తో (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) కలిసి ఉంటుంది. బరువు ముందుకూ వెనక్కూ పంచడానికే ఈ ఏర్పాటు. అంత పొడవాటి ముక్కున్న కారు మలుపుల్లో అదుపు తప్పకపోవడానికి అసలు కారణాల్లో ఇదొకటి, దాన్ని వదిలేసి రూపాన్ని మాత్రమే పొగిడితే ఏం లాభం?

కార్ల రూపాలు గీసే ఇటలీ సంస్థ పినిన్‌ఫరీనాలో లియొనార్డో ఫియొరవంతి గీసిన తొలి రూపంలో ముందు దీపాలు పారదర్శకమైన తొడుగు వెనుక ఉండేవి. పైకి లేచే దీపాలు అమెరికా నిబంధనల వల్ల తర్వాత వచ్చాయి.

డేటోనాలో ఈ కారు పరుగెత్తలేదని కాదు. 1979లో అక్కడ రెండో స్థానం సాధించింది, తయారీ ఆగిపోయిన ఎన్నో ఏళ్లకు!