పేపర్లో నంబరు పడని వాళ్ళకి

నలభై దాటాక టెన్త్ కట్టడానికి అంత భయమెందుకని అడుగుతుంటారు. ఎందుకుండదండీ? మా రోజుల్లో ఫలితాలంటే పేపర్లో హాల్‌టికెట్ నంబర్లు. పడితే పాసు, పడకపోతే పోయినట్టు. ఇంట్లో వాళ్ళకంటే ముందు టీ కొట్టు దగ్గరే తేలిపోయేది. ఆ తర్వాత పెళ్ళిచూపుల్లో, ఆడపడుచుతో మాటామాటా పెరిగినప్పుడు, "టెన్త్ తప్పిందిలే" అన్నమాట ఇంటిపేరులా వెంటబడేది. లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గినందుకు పాతికేళ్ళు దెప్పిపొడిచి, ఇప్పుడొచ్చి "ధైర్యంగా రాయమ్మా" అంటే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైగా స్ఫూర్తి కథలొకటి. కేరళలో కార్త్యాయనీ అమ్మ గారు 2018లో, 96 ఏళ్ళ వయసులో, అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకున్నారు. ఆవిడకి రెండు చేతులా దణ్ణం. కానీ ఆవిడకి 38 వచ్చుంటే మనం ఇలా వాట్సాప్‌లో తిప్పేవాళ్ళమా? అప్పుడూ ఆవిడ చదవడం రాయడం నేర్చుకున్నట్టే కదా! ఈ 98 కథలు విని అత్తెసరు మార్కుల వాళ్ళు ఇంకాస్త ముడుచుకుపోతారు.

అసలు చెప్పాల్సిన సంగతి ఎవరూ చెప్పరు. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూల్లో (NIOS), టెన్త్‌కి ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్ళు చెల్లుతుంది, తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగిలినవే మళ్ళీ కట్టాలి. లెక్కలు తప్పనిసరి కాదు, బదులు గృహవిజ్ఞానం తీసుకున్నా ఎవరూ కాదనరు. అంటే తప్పుతారని ముందే లెక్కేసుకుని పెట్టిన చదువిది. ఒకటి రెండు సబ్జెక్టులు పోవడం అక్కడ మామూలు సంగతి.

మనవాళ్ళేమో "ఓపెన్‌లోనా?" అని మూతి విరుస్తారు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునేల మీదే పెట్టారు. ఇప్పుడు హైదరాబాద్‌లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నది అదే. ఇన్నేళ్ళయినా ఆ మూతులు మాత్రం తిన్నగా కాలేదు.

నేనూ ఓపెన్‌లోనే రాశాను. సెంటర్ గేటు దగ్గర "తోడొచ్చిన వాళ్ళు బయటుండాలమ్మా" అన్నాడొక కుర్రాడు. హాల్‌టికెట్ చూపిస్తే పాపం వాడే సిగ్గుపడ్డాడు. నిజం చెప్పాలంటే ప్రశ్నపత్రం కంటే చేతివేళ్ళే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఇన్నాళ్ళూ పాలవాడి లెక్క తప్ప ఏమీ రాయని చెయ్యి మూడు గంటలు కదలమంటే కదులుతుందా? అందుకే చదవడంతోపాటు రోజూ ఒక పేజీ రాయండి. ఎవరూ చెప్పని సలహా ఇది.

ఇంకో మాట, చాలామందికి నచ్చదు. పరీక్ష కడుతున్నట్టు ఊరంతా చెప్పుకోకండి. అది పిరికితనమేం కాదు. "ఇప్పుడు చదివి ఉద్యోగం చెయ్యాలా, ఊళ్ళేలాలా" అనే నోళ్ళకి మన ఫలితం తెలియాల్సిన పనేముంది? ఇంట్లో వాళ్ళకి మాత్రం చెప్పండి, అదీ దీవెనల కోసం కాదు, వంట కోసం.

ఇంట్లో వాళ్ళకి నాదొక విన్నపం. అమ్మ పరీక్షకి వెళ్ళిన రోజు మీరు గొప్పగా ప్రోత్సహించక్కర్లేదు. హాల్లోంచి బయటికి రాగానే ఫోన్ చేసి కందిపప్పు ఏ డబ్బాలో ఉందని అడక్కుండా ఉంటే చాలు.