అడ్డంగా ఎదిగిన వంశం

పాత పెళ్ళి క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న తెలుగు కుటుంబాల్లో ఈమధ్య ఒక ఆరోగ్యకరమైన పరిణామం కనిపిస్తోంది. గాలొస్తే పడిపోయేట్టుండే బాబాయిలు, ఎముకలు లెక్కపెట్టేట్టుండే మేనమామలు, కట్నం అప్పులతో చిక్కి శల్యమైన పెళ్ళికూతురి తండ్రులు అందరూ ఒక్కసారిగా ఒళ్ళు చేశారు. భుజాలు విశాలమయ్యాయి, బుగ్గలు పూరీల్లా పొంగాయి. పీటల మీదున్న జంటని చూస్తే జరుగుతున్నది పెళ్ళా, షష్టిపూర్తా అని అనుమానం వస్తోంది. ప్రభుత్వ పౌష్టికాహార పథకాలేవీ సాధించలేనిది ఒక వీధి చివర వీడియో దుకాణం సాధించింది. దీన్ని ఎవరూ గుర్తించకపోవడం అన్యాయం కాబట్టి ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. ఆనాటి కామ్‌కార్డర్ తీసిన బొమ్మ 4:3. అంటే నాలుగు పాళ్ళ వెడల్పుకి మూడు పాళ్ళ ఎత్తు. వీహెచ్ఎస్, వీడియో8, హై8 ఏ రకం క్యాసెట్టయినా మామూలుగా అంతే. ఇప్పుడు హాల్లో గోడకి తగిలించిన టీవీ 16:9. ఆ బొమ్మని ఈ తెర అంచుల దాకా లాగితే ఎత్తు అలాగే ఉండి, వెడల్పు సరిగ్గా మూడోవంతు పెరుగుతుంది. ముప్ఫై అంగుళాల నడుము నలభై అవుతుంది. అదీ నొప్పి లేకుండా, చనిపోయినవాళ్ళకి కూడా.

లాగకపోతే ఏమవుతుందో చూడండి. యాభై అయిదు అంగుళాల టీవీ అంటే మూలనుంచి మూలకి కొలత. అడ్డంగా అది నాలుగడుగులు. అందులో 4:3 బొమ్మని ఉన్నదున్నట్టు వేస్తే మూడడుగులే నిండుతుంది, రెండు పక్కలా అరడుగు చొప్పున నలుపు మిగులుతుంది. అసలే శుభకార్యం. వాయిదాల మీద కొన్న టీవీలో నాలుగోవంతు నలుపా? చుట్టాలొచ్చినప్పుడు ఆ నలుపు చూపించి ఏమని సంజాయిషీ చెప్పుకుంటాం? వడ్డించిన విస్తరిలో ఒక మూల ఖాళీ కనిపిస్తే కూడా నొచ్చుకునే జాతి మనది. తెర నిండాలి. లోపల మనుషులు ఎలా ఉన్నారన్నది తర్వాతి సంగతి.

ఈ నిర్ణయం ఎంత ప్రజాస్వామికంగా జరుగుతుందో దుకాణం కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. బూజు పట్టిన క్యాసెట్‌ని లుంగీ అంచుతో తుడిచి పెద్దాయన బల్లమీద పెడతాడు.

"ఫుల్ స్క్రీన్ చెయ్యమంటారా బాబాయ్, మామూలుగానేనా?"

"ఫుల్‌కి ఎంతవుతుంది?"

"రెండూ ఒకటే రేటు."

"మరింకేం, ఫుల్లే వెయ్యి."

అయిపోయింది. ఒక తరం రూపురేఖలు మారిపోయాయి. మామూలు అన్న మాటకి మార్కెట్లో ఏం విలువుందని ఎవరైనా అది కోరుకుంటారు? ఆ కుర్రాడు "సరైన సైజా, సాగదీసిందా" అని అడిగితే జవాబు వేరేగా ఉండేదేమో. కానీ అలా అడిగి వ్యాపారం పాడుచేసుకునేంత అమాయకుడు కాదతను.

గిట్టనివాళ్ళు కొందరు దీన్ని పట్టుకోవడానికి పరీక్షలు కనిపెట్టారు. క్యాసెట్‌లో గుండ్రటి వస్తువు వెతికి కొలవమంటారు. విస్తట్లో అప్పడాన్ని కొలవకూడదట, పక్కనుంచి తీస్తే అది ఎలాగూ కోలగానే కనిపిస్తుంది. కెమెరాకి ఎదురుగా ఉండాలి. విడిది ఇంట్లో గోడ గడియారం, మగపెళ్ళివారు దిగిన అంబాసిడర్ చక్రం, పెద్దమ్మ నుదుటి మీద రూపాయంత బొట్టు. అడ్డానికీ నిలువుకీ స్కేలు పెట్టి, బొట్టు కోడిగుడ్డు ఆకారంలో ఉంది కాబట్టి వీడియో తప్పు అని తీర్పు చెప్తారు. పెళ్ళి చూస్తూ స్కేలు పట్టుకున్నవాడి మాట ఇంట్లో ఎవరు వింటారు?

అయితే సాగదీత ఒక్కటే మార్గం అనుకోకండి. కత్తిరింపు సంప్రదాయం కూడా ఉంది. వీళ్ళు మనుషుల్ని లావు చెయ్యరు. తెర నిండేదాకా బొమ్మని పెద్దది చేసి, పైనా కిందా మిగిలింది కోసేస్తారు. మన వీడియో బొమ్మ ఒకదాని కింద ఒకటి పేర్చిన 576 అడ్డగీతలు. అందులో 144 గీతలు పోతాయి. ఎవరికీ చెప్పకుండా నాలుగోవంతు. తెలుగు పెళ్ళిలో ముఖ్యమైనదంతా ఎక్కడ జరుగుతుంది? జీలకర్ర బెల్లం నడినెత్తిన, మెట్టెలు కాలివేళ్ళకి. సుముహూర్తం పై కోతలో, మెట్టెలు కింది కోతలో పోయి, మధ్యలో మిగిలేది పురోహితుడి పొట్ట. చట్టరీత్యా ఆ పెళ్ళి జరిగిందో లేదో తెలిసినవాళ్ళు చెప్పాలి.

మూడో సంప్రదాయం మసక. బొమ్మ మధ్యలో సరిగానే ఉంటుంది. పక్కల నలుపు బదులు అదే బొమ్మని పెద్దదిచేసి, మసకబార్చి అతికిస్తారు. అసలు తాతగారు తాంబూలం అందుకుంటుంటే రెండు పక్కలా ఆవిరి గదిలోంచి ఇద్దరు తాతగార్లు అదే తాంబూలం అందుకుంటూ ఉంటారు. ఇందులో కొలతలు తప్పు లేవు కాబట్టి నేనేమీ అనను.

విదేశీ సంబంధాల దగ్గర వ్యవహారం ఇంకా ముదురుతుంది. డిజిటల్ వీడియోకి కొలతలు రాసినవాళ్ళు 1982లో, 601 నంబరు సిఫార్సులో, టీవీ బొమ్మని 625 గీతలతో పంపే మనలాంటి దేశాలకీ 525 గీతలతో పంపే అమెరికాలాంటి దేశాలకీ కలిపి గీతకి 720 నమూనాలే, అంటే పిక్సెల్ అనే చుక్కలే, ఖాయం చేశారు. ఆ గీతలన్నిటిలోనూ బొమ్మ ఉండదు. అందుకే మన పాల్ పద్ధతిలో బొమ్మ 720×576, అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 720×480. చూపించాల్సిన ఆకారం మాత్రం రెండిటికీ 4:3యే. అంటే మన పిక్సెల్ కాస్త వెడల్పు, వాళ్ళ పిక్సెల్ కాస్త సన్నం. ఈ సంగతి చెప్పే గుర్తు ఫైల్లో లేకపోతే కంప్యూటర్ అన్ని పిక్సెళ్ళనీ చతురస్రాలే అనుకుంటుంది. అప్పుడు మనవాళ్ళు ఆరు శాతం సన్నబడతారు, అక్కడివాళ్ళు పన్నెండున్నర శాతం లావెక్కుతారు. విశాఖలో తీసిన పెళ్ళి క్యాసెట్‌లో సన్నజాజిగా ఉన్న కోడలు, న్యూజెర్సీలో తీసిన సీమంతం క్యాసెట్‌లో బొద్దుగా తేలుతుంది. "అక్కడి తిండి అలాంటిది" అని అత్తగారు తేల్చేస్తారు. పిక్సెల్ చేసిన నేరానికి చీజ్ నింద మోస్తోంది.

ఇక 1995 తర్వాత వచ్చిన, చిన్న డిజిటల్ టేపు మీద తీసే మినీ డీవీ కెమెరాల కథ. వాటిలో కొన్నిటికి వైడ్ మోడ్ ఉండేది. 16:9 దృశ్యాన్ని అదే 720×576లోకి అడ్డంగా నొక్కి ఎక్కించి, "చూసేటప్పుడు సాగదీయండి" అని టేపులో ఒక గుర్తు పెట్టేది. ఆ టేపుని, ఉన్నదున్నట్టు డిజిటల్‌గా పంపే ఫైర్‌వైర్ తీగతో కాకుండా పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో, కంప్యూటర్‌కి తగిలించే చవక క్యాప్చర్ డబ్బాలోకి ఎక్కిస్తే ఆ గుర్తు దారిలో రాలిపోవచ్చు. అందరూ దవడలు పీక్కుపోయి, నిలువునా సాగి, ఏదో దీక్ష ముగించుకొచ్చినట్టుంటారు. గమనించండి: సాగదీయమని కెమెరాయే బతిమాలిన ఒకే ఒక్క చోట మనవాళ్ళు సాగదీయరు. "అసలు టేపే అంత" అని ఊరుకుంటారు.

మందు ఉంది. చవకది, అందుకే దానికి గౌరవం లేదు. ఫైల్లో బొమ్మ 720×576గా చెక్కుచెదరకుండా ఉండి గుర్తు మాత్రమే తప్పయితే, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో "ఇది 4:3" అని, వైడ్ మోడ్ టేపైతే "ఇది 16:9" అని ఫైలుకి చెప్తే చాలు. మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యక్కర్లేదు, అంటే బొమ్మని కొత్తగా కుదించి రాయక్కర్లేదు, కాపీ చేసినంత సేపు పడుతుంది, నాణ్యత ఇసుమంత కూడా పోదు. దుకాణంవాడు సాగదీసి 1920×1080లో అచ్చు గుద్ది ఇచ్చేస్తే, వెడల్పు 1440కి తగ్గించి మళ్ళీ ఎన్‌కోడ్ చేయించాలి. బొమ్మ కొంచెం నలుగుతుంది, మనుషులు మాత్రం మనుషులవుతారు. కత్తిరించి ఇస్తే ఏ ప్రోగ్రామూ ఏమీ చెయ్యలేదు. క్యాసెట్ నుంచి మళ్ళీ ఎక్కించాల్సిందే. ఆ క్యాసెట్టేమో, "డిజిటల్ అయిపోయిందిగా, ఇంకెందుకండీ ఈ చెత్త" అన్న సలహా మీద అప్పటికే పాత సామాన్లవాడి బండెక్కి ఉంటుంది.

ఇంత శ్రమపడి, గడియారం గుండ్రంగా వచ్చేదాకా కొలిచి, బంధువులకి ఫైలు పంపిన సాహసి ఒకడున్నాడనుకుందాం. సాయంత్రానికల్లా పెద్దత్తయ్య ఫోన్ వస్తుంది.

"ఒరే నాన్నా, నువ్విచ్చింది టీవీ నిండా రాలేదురా. రెండు పక్కలా ఆగిపోయింది."

"అది అంతే అత్తయ్యా, అప్పటి కెమెరా..."

"ఏం కాదులే. మావాడు రిమోట్‌లో ఏదో నొక్కాడు, బాగైపోయింది. మిగతా క్యాసెట్లు కూడా ఇలాగే చేసి పంపెయ్యి, వాడు నొక్కుకుంటాడు."