కంప్రెసర్ ఆయిల్ సంగతి వేళ్లతో రుద్దితే తెలిసిపోతుందా?

మెయింటెనెన్స్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్క్రూ కంప్రెసర్ ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపడం దండగట. రంగు చూసి, వేళ్ల మధ్య రుద్ది చూస్తే చాలట. మాన్యువల్లో ఉన్న గంటలకి మార్చేస్తే ఏ టెస్టూ అక్కర్లేదట. మధ్యమధ్యలో టాపప్ చేస్తుంటే ఆయిల్ ఎప్పుడూ కొత్తదేనట. ఈ రిపోర్టులన్నీ ఆయిల్ అమ్మేవాళ్ల వ్యాపారమని చివర్లో ఒక చురక.

రంగుతో మొదలుపెడదాం. కొన్ని సింథటిక్ ఆయిల్స్ అందులోని యాంటీ ఆక్సిడెంట్ల వల్లే నల్లబడతాయి, ఆయిల్ మాత్రం బాగానే ఉంటుంది. యాసిడ్ ఆవిర్లు పీల్చిన మెషీన్‌లో ఆయిల్ తేటగా కనిపిస్తూనే యాసిడ్ నంబర్ (ఆయిల్‌లో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె) పెరిగిపోవచ్చు. ఇక వేళ్లంటారా, 46 గ్రేడు, అంటే చిక్కదనం సుమారు 46 ఉండే ఆయిల్, 52కి చేరిందని ఏ వేలు చెబుతుంది?

గంటల లెక్కలోనే అసలు తిరకాసు ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆయుష్షు సుమారు సగమవుతుందనేది ఫీల్డులో అందరూ వాడే లెక్క. మే నెలలో రామగుండంలో, గాలి ఆడని షెడ్డులో డిశ్చార్జ్ (బయటికొచ్చే గాలి, ఆయిల్) టెంపరేచర్ వంద డిగ్రీలు దాటే మెషీన్‌కీ, వానాకాలం విశాఖలో సగం సేపు అన్‌లోడ్‌లో, అంటే గాలి నొక్కకుండా ఊరికే తిరిగే మెషీన్‌కీ మాన్యువల్ ఒకటే. మొదటి దాంట్లో ఆయిల్ మాడి వార్నిష్‌లా జిగట పొర కడుతుంది. రెండో దాంట్లో ఆయిల్ సరిగా వేడెక్కక గాలిలోని తేమ సంప్‌లో (ఆయిల్ ఉండే ట్యాంకులో) నీరై చేరుతుంది. గంటల మీటరుకి ఈ రెండూ కనపడవు.

పైగా టెస్ట్ ఆయిల్ కోసమే కాదు, ఎయిర్ ఎండ్ (గాలిని నొక్కే స్క్రూలుండే భాగం) కోసం కూడా. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లాంటి చోట రిపోర్టులో సిలికాన్, అల్యూమినియం కలిసి పెరిగాయంటే దుమ్ము లోపలికి వెళ్తోందని అర్థం. ఎయిర్ ఫిల్టరో, దాని వెనక హోస్ క్లాంపో చూడాలి. చూడకపోతే తర్వాత రిపోర్టుల్లో ఇనుము కూడా ఎక్కుతుంది. సిలికాన్ ఒక్కటే పెరిగితే కంగారు పడక్కర్లేదు, అది సీలెంట్ నుంచో, నురగ రాకుండా కలిపే మందు నుంచో రావచ్చు. అందుకే కొత్త ఆయిల్ శాంపిల్ కూడా ఒకటి పంపి పెట్టుకోవాలి. ఇంకో మాట: ల్యాబ్‌లో లోహాల్ని కొలిచే మామూలు స్పెక్ట్రోమీటర్ 5-8 మైక్రాన్లు దాటిన రేణువుల్ని సరిగా పట్టదు. బేరింగ్ పెచ్చులూడుతున్నా ఇనుము పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులనే లెక్క) తక్కువే చూపించవచ్చు. బేరింగ్ మీద అనుమానముంటే పీక్యూ ఇండెక్స్ (పెద్ద ఇనుప రేణువుల్ని కూడా పట్టే అయస్కాంత పరీక్ష) కూడా అడగాలి.

టాపప్ ఆయిల్‌ని కొత్తది చేయదు, పల్చన చేసి పీపీఎంని దాచేస్తుంది. అసలు అంత టాపప్ ఎందుకు పడుతోంది? గాలి నుంచి ఆయిల్‌ని వేరుచేసే సెపరేటర్, ఆ ఆయిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ లైన్ చూడండి. పీఏజీ (ఒక రకం సింథటిక్) ఆయిల్‌లో మినరల్ ఆయిల్ పోస్తే గడ్డకట్టినట్టయి మరో తలనొప్పి.

వ్యాపారం మాట పూర్తిగా కొట్టిపారేయను. అమ్మేవాళ్ల ల్యాబ్ ప్రతిసారీ ‘మార్చండి’ అంటుంటే, అదే శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపండి. పంక్చర్ షాపు పిస్టన్ కంప్రెసర్‌కైతే మెసేజ్ చెప్పిందే కరెక్టు, లీటరు ఆయిల్‌కి టెస్ట్ ఎందుకు?

శాంపిల్ మాత్రం ఆగి చల్లారిన మెషీన్ డ్రెయిన్ నుంచి పట్టకండి, అడుగున చేరిన నీళ్లే వస్తాయి. మెషీన్ లోడ్ మీద వేడెక్కాక, శాంప్లింగ్ వాల్వ్ నుంచి, మొదట వచ్చింది పారబోసి, ప్రతిసారీ అక్కడే పట్టాలి. వాల్వ్ లేకపోతే మెషీన్ ఆపి, ప్రెషర్ పూర్తిగా దిగాకే సంప్ తెరవండి. సీసా మీద ఆయిల్ ఎన్ని గంటలు తిరిగిందో, ఎన్ని లీటర్లు టాపప్ చేశారో రాయండి.