ఎల్1 దగ్గర లంగరు లేదండీ

రెండు వారాలుగా మా బీచ్ రోడ్డు వాకర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. నాకైతే ముగ్గురు విడివిడిగా పంపారు, వాళ్లలో మా ఫ్లాట్ల సెక్రటరీ గారొకరు. అందులో ఉన్నది ఇది: ‘సూర్యుడి లాగుడు, భూమి లాగుడు సరిసమానమై ఎల్1 దగ్గర గురుత్వం సున్నా. ఆర్కే బీచ్ ఎదురుగా ఓడలు లంగరేసుకున్నట్టు ఆదిత్య అక్కడ నిలబడి ఉంది. స్పేడెక్స్‌తో మనకు డాకింగ్ వచ్చేసింది. ఇక ఇంకో నౌకను పంపి ఇంధనం నింపడం చిటికెలో పని.’ తెలియనివాళ్ల కోసం: ఎల్1 అంటే సూర్యుడికీ భూమికీ మధ్య, భూమితో పాటే సూర్యుణ్ని చుట్టే ఒక బిందువు. ఆదిత్య అక్కడి నుంచి సూర్యుణ్ని గమనించే ఇస్రో నౌక. డాకింగ్ అంటే అంతరిక్షంలో రెండు నౌకలు ఒకదానికొకటి అతుక్కోవడం, స్పేడెక్స్ అందుకోసం ఇస్రో రెండు ఉపగ్రహాలతో చేసిన ప్రయోగం.

గురుత్వం సున్నా అన్నది మొదటి తప్పు. రెండు లాగుడులూ సమానమయ్యే చోటు నిజంగానే ఒకటుంది. అది భూమికి దాదాపు 2 లక్షల 60 వేల కిలోమీటర్ల దూరంలో, చంద్రుడి కంటే ఇవతలే ఉంటుంది. ఎల్1 ఉన్నది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. అక్కడ సూర్యుడి లాగుడు భూమి లాగుడికి 30 రెట్లకు పైనే. మామూలుగా భూమి కంటే సూర్యుడికి దగ్గరగా తిరిగేది ఏడాదిలోపే చుట్టు ముగిస్తుంది. ఎల్1లో భూమి వెనక్కి గుంజడంతో సూర్యుడి పట్టు ఆ మేరకు సడలి, సరిగ్గా ఏడాది పడుతుంది. జరిగేది అంతే.

ఇక లంగరు సంగతి. సాయంత్రం పిట్టగోడ మీద గంటసేపు కూర్చుని చూడండి, ఆ ఓడలు కూడా కదలకుండా ఉండవు. గాలి మళ్లితే అవీ మూతి తిప్పుకుంటాయి. గొలుసుంది కాబట్టి ఎటూ పోవు. ఎల్1లో గొలుసు లేదు. మనవడి గోలీ ఒకటి తీసుకుని స్కూటర్ సీటు పల్లంలో పెట్టి చూశాను. ముందుకో వెనక్కో నెడితే తిరిగొస్తుంది, పక్కకు వెంట్రుకవాసి జరిగితే కింద పడుతుంది. (మూడోసారి కాలవలో పడింది. కొత్తది కొనివ్వాల్సొచ్చింది.) ఎల్1 ఇలాంటి చోటే. పైగా ఆదిత్య ఆ బిందువు మీద లేదు. ఉంటే వెనకున్న సూర్యుడి రేడియో రొదలో దాని సంకేతాలు అందుకోవడం కష్టం. అందుకే ఆ బిందువు చుట్టూ వలయంలా సాగే ‘హాలో’ కక్ష్యలో తిరుగుతోంది, ఒక్క చుట్టుకు 178 రోజులు. దారి తప్పకుండా 2024 ఫిబ్రవరి 22న, జూన్ 7న, జూలై 2న థ్రస్టర్లు (చిన్న ఇంజిన్లు) వెలిగించి సరిదిద్దారు.

స్పేడెక్స్ వచ్చింది కాబట్టి ఇదీ వచ్చినట్టే అన్నదే అసలు పొరపాటు. 2025 జనవరి 16న ఆ రెండు ఉపగ్రహాలు కలిసింది భూమికి సుమారు 475 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ చుట్టుకు 94 నిమిషాలు. కింది కక్ష్యలో చుట్టు త్వరగా ముగుస్తుంది కాబట్టి, ముందున్నదాన్ని అందుకోవాలంటే 10 కిలోమీటర్లు కిందికి దిగితే చాలు, చుట్టుకు 94 కిలోమీటర్ల చొప్పున దగ్గరవుతాం. రోజుకు 15 చుట్లు. అంత వీలున్నా, ఉపగ్రహాల డ్రిఫ్ట్ (పక్కకు జరగడం) అనుకున్నదాని కంటే ఎక్కువై ఒకసారి వాయిదా వేయాల్సి వచ్చింది.

హాలో కక్ష్యలో ఈ కిటుకు పారదు. పక్కపక్క హాలో కక్ష్యల్లో చుట్టుకు పట్టే సమయం ఇంచుమించు ఒకటే. సగం చుట్టు వెనకబడితే కిందికి దిగి అందుకుందామనడానికి అక్కడ ‘కింద’ అనేదే లేదు. కాబట్టి కలిసే లెక్క బయల్దేరే ముందే తేలాలి. సీటు మీంచి గోలీ జారిపోయే దారులున్నట్టే, బయటి నుంచి వచ్చి కక్ష్యలో మెల్లగా కలిసిపోయే దారులూ ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో చోట కలుస్తుంది. ఆదిత్య ఫలానా రోజు ఎక్కడుంటుందో చూసుకుని, అక్కడికి చేర్చే దారి పట్టాలి. చంద్రుడి దగ్గర గేట్‌వే అనే అంతరిక్ష కేంద్రం కోసం నాసా ఎంచుకున్న హాలో కక్ష్యలో చుట్టు ఆరున్నర రోజులే. 2022 నవంబరులో క్యాప్‌స్టోన్ అనే చిన్న నౌక అందులోకి చేరింది. అక్కడ కూడా చంద్రుడి పక్కగా దూసుకెళ్లే వైపు కలవడం మంచిది కాదు, చిన్న తప్పు ఇట్టే పెద్దదవుతుంది. సుమారు 70 వేల కిలోమీటర్ల దూరాన నెమ్మదించే వైపే అనువు.

ఒక్క విషయంలో ఫార్వర్డ్ రాసినాయనకు సగం మార్కులు ఇస్తాను. దగ్గరికి చేరాక చివరి కొన్ని గంటల పని ఎల్1లో నిజంగానే తేలిక, ముందుకు నెడితే నౌక ముందుకే పోతుంది. భూమి దగ్గర అలా నెడితే కక్ష్య పెద్దదై చివరికి వెనకబడతాం. కానీ అంత దూరంలో జీపీఎస్ అందదు. సంకేతం పోయి రావడానికే 10 సెకన్లు పడుతుంది కాబట్టి చివరి మీటర్లు నౌకే చూసుకోవాలి.

ఇంధనం మాటంటారా, ఆదిత్యకు డాకింగ్ రింగే లేదు.