కారు డోరు నుంచి సోఫా దాకా

కేంద్ర ప్రభుత్వం కళలకు ఏం చేస్తోందని కొందరు అదేపనిగా సణుగుతుంటారు. అన్యాయం. చేస్తోంది. ఎంత చేస్తోందో తెలుసుకోవాలంటే ఒక టేపు పట్టుకుని మన హైదరాబాద్‌లో ఏదో ఒక సాంస్కృతిక మహోత్సవానికి వెళ్లండి. ముఖ్య అతిథి కారు డోరు తెరుచుకున్న చోటు నుంచి వేదిక మీద తెల్ల టవల్ పరిచిన సోఫా దాకా కొలవండి. నలభై అడుగులొస్తే మన వారసత్వం ఆ నలభై అడుగుల మేరా భద్రం.

ఈ మధ్య అలాంటి ఉత్సవమొకటి చూసే భాగ్యం కలిగింది. ఒగ్గుడోలు బృందాన్ని మధ్యాహ్నం మూడింటికే గేటు దగ్గర నిలబెట్టారు. ఆదిలాబాద్ నుంచి గుస్సాడీలు, అంటే గోండు నాట్యకారులు, నెమలి పింఛాల కిరీటాలతో దిగారు. అది గోండుల దండారి పండుగ రోజుల్లో దీక్ష పట్టి నెత్తికెత్తుకునే కిరీటం. అయితేనేం, ఇక్కడ స్వాగత ఏర్పాట్ల పద్దులోకి వస్తుంది.

ఏడు దాటాక సార్ వచ్చారు. డోళ్లు మోగాయి. వాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తూ వాయిస్తుంటే సార్ ముందుకు నడుస్తూ ఫోన్లో "చప్పుడుంది, వినబడ్తలేదు, మళ్లీ చేస్తా" అన్నారు. కళ గురించి ఆయన ఆ సాయంత్రం మనసులోంచి అన్న మాట అదొక్కటే.

తర్వాత జ్యోతి ప్రజ్వలన. వత్తులు అయిదు, ప్రముఖులు పదకొండు మంది. బూట్లు విప్పాలా అక్కర్లేదా అని కాసేపు మంతనాలు. విప్పినవాళ్లు విప్పనివాళ్లను చూసి మళ్లీ తొడుక్కున్నారు. ఏసీ గాలికి వత్తి అంటుకోదు. ఒకాయన చెయ్యి అడ్డం పెడితే అది కెమెరాకు అడ్డమొచ్చింది. వెలిగిన వత్తినే ఫొటోగ్రాఫర్ కోరిక మేరకు ఇంకోసారి వెలిగించారు. ఆపైన ప్రసంగాలు. మన సంస్కృతి అయిదు వేల ఏళ్లదని ఒకరంటే, తర్వాతాయన వేలంపాటలోలా పది వేలకు పెంచారు.

అన్నీ అయ్యాక, డోలు మీద మల్లన్న దేవుడి కథ పాడే ఒగ్గుకథకు పిలుపొచ్చింది. పెద్దాయన గొంతు సవరించుకుని వరస ఎత్తుకున్నాడో లేదో, యాంకర్ పరుగెత్తుకొచ్చాడు.

"తాతా, జర రెండు నిమిషాల్ల ముగించు. సార్‌కు ఫ్లైటుంది."

"కథల ఇంకా మల్లన్న పుట్టనే లేదు సారూ."

"పుట్టకుంటే ఏమాయె? సీదా పెండ్లి కాడికి పో."

మల్లన్న పుట్టకుండానే పెళ్లి చేసుకున్నాడు. ముహూర్తం ఫ్లైటు టైముకు కుదిరింది. సార్ లేచారు. కారు దాకా మళ్లీ డోళ్లే.

తెల్లవార్లూ నడిచే కథకు రెండు నిమిషాలేమిటని బాధపడకండి. నాదొక సూచన. సార్ల కార్లను గోల్కొండ కోట కింద ఫతే దర్వాజా దగ్గరే ఆపించి, వేదికను కొండ కొసన బాలాహిస్సార్ మీద వేయించండి. వాళ్లు మెట్లెక్కేలోగా మల్లన్న పుట్టి పెరిగి పెద్దవాడవుతాడు.

వ్యవస్థలు లేవని ఎవరూ అనలేరు. సంగీత నాటక అకాడమీ 1952లోనే వచ్చింది. ఆ వెనకే 1954లో సాహిత్య, లలితకళా అకాడమీలు. దేశాన్ని జోన్లుగా పంచుకున్న సాంస్కృతిక కేంద్రాలు ఏడున్నాయి. మన తెలంగాణ కళలను చూసుకునేవాటిలో ఒకటి నాగపూర్‌లో ఉంది, దగ్గరే. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లయితే సాంస్కృతిక శాఖ వంతు సుమారు 3,361 కోట్లు. వంద రూపాయల్లో ఏడు పైసలు కూడా పూర్తిగా లేవు. అందులోనే పురావస్తు శాఖ, మ్యూజియాలు, లైబ్రరీలు, అకాడమీలు. డోలు వాయించే తాత వంతు ఎంతో లెక్క కట్టాలంటే పైసా కన్నా చిన్న నాణెం ముద్రించాలి.

వృద్ధ కళాకారులకు ఆర్థిక సాయం పథకం మాత్రం మెచ్చుకోవాల్సిందే. అరవై నిండాలి. కళకు చెప్పుకోదగ్గ సేవ చేసి ఉండాలి. ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. అంటే బతుకంతా కళకు గొప్ప సేవ చేశానని ఒక కాగితం, దానివల్ల ఏమీ మిగల్లేదని ఆదాయ ధ్రువపత్రం ఇంకో కాగితం. ఇన్ని గడపలు దాటితే నెలకు 6,000 దాకా ఇస్తారు. ఏడాదికి లెక్కేసుకోండి, సరిగ్గా 72,000. పేదరికం గీత దగ్గర మొదలుపెట్టి సాయం కూడా అక్కడే ఆపారు. ఆ డబ్బు ఆగకుండా రావాలంటే తాను బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి చూపాలి. గేటు దగ్గర నాలుగు గంటలు నిలబడి డోలు కొట్టినప్పుడు బతికే ఉన్నాడని ఎవరికీ అనుమానం రాలేదు మరి!

నవ్వులాట ఇక్కడితో చాలు. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రాష్ట్రపతి భవన్‌లో చప్పట్లు, ఫొటోలు. 2024లో అదే మనిషి మన ఊరి పక్కన తుర్కయంజాల్‌లో ఇళ్లు కట్టే చోట కూలి పని చేస్తూ కనిపించాడు. రాష్ట్రం ఇచ్చే నెల భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. ఢిల్లీ ఇచ్చిన పద్మశ్రీతో పైసా రాదు, రైలు టికెట్‌లో రాయితీ కూడా లేదు. రూలు మాత్రం ఉంది. లెటర్‌హెడ్ మీద, ఆహ్వాన పత్రం మీద పేరుకు ముందూ వెనకా పద్మశ్రీ అని వేసుకోకూడదట. లెటర్‌హెడ్! పొద్దున్నే కూలికి పోయే మనిషికి లెటర్‌హెడ్ రూలు! ఆ కాగితం రాసినవాడు కూర్చున్న కుర్చీకి, దాని మీది టవల్‌కు, ఆ గదిలో ఏసీకి ఏ పథకం కింద ఏ సర్టిఫికెట్ అడిగారో కాస్త చెప్పండి. ఈ ముసలాయన మందులకు డబ్బులెక్కడివని ఆ రోజు చప్పట్లు కొట్టిన మీలో ఒక్కరైనా అడిగారా? సిగ్గనిపించడం లేదా మీకు?