ఏడో నంబరు బస్సు, పై అంతస్తు

హైదరాబాద్ పాత డబుల్ డెక్కర్ బస్సుల మీద మీ వ్యాసం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సికింద్రాబాద్‌లో ఏడో నంబరు ఎక్కి, పై అంతస్తులో ముందు సీటు కోసం మెట్ల మీద పరుగెత్తేవాణ్ణి. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే హుస్సేన్ సాగర్ గాలి మొహానికి కొట్టేది. 1990 మార్చిలో బుద్ధ విగ్రహం నీళ్ళలో మునిగి కూలీలు చనిపోయిన మర్నాడు, బస్సులో ఒక్కరూ నోరు మెదపలేదు. 1992 డిసెంబరులో విగ్రహం లేచి నిలబడ్డాక అటు తిరిగి దణ్ణం పెట్టిన ఒక పెద్దావిడ ఇంకా గుర్తుంది.

ఇప్పుడు రిటైరయ్యాను. 2017లో మెట్రో వచ్చాక మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాళ్ళకి ప్రాణం లేచొచ్చింది, కాదనను. అయినా అందులో పక్కవాళ్ళతో మాట కలవదు. 2023లో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పుడు మనవణ్ణి తీసుకెళ్ళాను. వాడూ పైన ముందు సీటే కావాలన్నాడు.