ఆప్రాన్ ఉతికేది ఎవరు?

సోంపేట వైపు మా ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లొచ్చిన మనిషి నేరుగా ఇంట్లోకి రాడు. పెరటి దారిన వచ్చి, నూతి దగ్గర నీళ్లు పోసుకుని, విడిచిన బట్టలు అక్కడే తడిపి, అప్పుడు గుమ్మం తొక్కుతాడు. ఏ క్రిమి పేరూ తెలియని మా నాయనమ్మ పెట్టిన కట్టడి ఇది. అదే ఆసుపత్రిలో పొద్దస్తమానం మంచం నుంచి మంచానికి తిరిగే డాక్టర్ల ఆప్రాన్లు, అంటే ఆ తెల్లకోట్లు, ఎన్నాళ్లకోసారి నీళ్లు చూస్తాయో మాత్రం మనం అడగం.

శ్రీకాకుళం జిల్లాకి ఈ ప్రశ్న ప్రాణావసరం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస... కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఈ ఉద్దానం ఊళ్లలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మంచం ఎక్కక తప్పనివాళ్లు ఉన్నారు. ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపి చేసే దారి) ఇంకా కుదరనివాళ్లకి మెడ దగ్గర పెట్టిన గొట్టమే దిక్కు. దాని రెండో కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. మూత దగ్గర క్రిమి చేరిందంటే నెత్తుట్లోకి దారి దొరికినట్టే. ఆ గొట్టం మీదికి వంగే పొడుగు చేతుల కోటు అంచు, పక్క మంచం దుప్పటిని రాసుకుని వచ్చి ఉంటుంది.

కోటు వల్లే ఫలానా రోగికి ఇన్ఫెక్షన్ సోకిందని తేల్చిన గట్టి రుజువు వైద్యశాస్త్రం దగ్గర లేదు. ఆ మాట దాచకూడదు. అసలు వాహకం చెయ్యి. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే, ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న బాలింత మరణాలు జూన్‌కల్లా రెండుకు దిగాయి. కానీ మణికట్టు మీద గుడ్డ ఉన్నంతసేపూ మణికట్టు కడగలేం కదా! అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు హాని లేని వైరస్ డీఎన్ఏని గుర్తుగా వాడి చూశారు. పొట్టిచేతుల కోటు వేసుకున్నవాళ్ల కంటే పొడుగు చేతులవాళ్ల మణికట్టుకీ కోటు చేతి అంచుకీ అది ఎక్కువగా అంటింది. స్టెఫిలోకాకస్ లాంటి క్రిములు నూలు మీద, అంతకన్నా పాలిస్టర్ మీద రోజుల తరబడి బతుకుతాయి. క్లీవ్‌లాండ్ పరిశోధన కంటే ముందే, 2007లోనే బ్రిటన్ మోచేతుల కింద గుడ్డా, గడియారమూ ఉండొద్దని తన ఆసుపత్రులకి చెప్పింది. అమెరికా నిపుణులు 2014లో రాసిన మార్గదర్శకాలు ఇంకాస్త మెత్తగా ఉన్నాయి: కనీసం రెండు కోట్లు ఉండాలి, వారానికి ఒక్కసారైనా ఉతకాలి, రోగిని ముట్టుకునే ముందు కోటు విప్పి తగిలించడానికి కొక్కెం ఉండాలి.

నా కోపం డాక్టర్ల మీద కాదు. హౌస్ సర్జన్ తన ఆప్రాన్ హాస్టల్ బకెట్లో, చన్నీళ్లలో, డ్యూటీల మధ్య దొరికిన కాస్త తీరికలో ఉతుక్కోవాలి. చాలా క్రిములు పోవాలంటే 60 డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ఉతకాలి. మన చాకలివాళ్లు బట్టల్ని బానల్లో చవుడు వేసి ఉడకబెట్టిన రోజుల్లో ఆ వేడి దానంతటదే దొరికేది. ఇప్పుడు ఆ పని చేయాల్సింది ఆసుపత్రి లాండ్రీ. రోగి దుప్పటి ఉతికే లాండ్రీ ఆప్రాన్ని, నర్సమ్మ యూనిఫాంని ఎందుకు ఉతకదు? వ్యక్తి శుభ్రతకి వదిలేసినంతకాలం ఇది ఎవరి బాధ్యతా కాకుండానే ఉంటుంది.

కోటు తీసేస్తే డాక్టరుకి గౌరవం తగ్గుతుందనేవాళ్లున్నారు. పల్లె నుంచి వచ్చిన రోగికి ఎవరు డాక్టరో తెలియాలన్నది న్యాయమైన మాటే. దానికి తెలుగులో పెద్దక్షరాల పేరు బిళ్ల చాలు. మన ఉక్కపోతకి పొట్టి చేతులే హాయి కూడా.

అన్ని వార్డుల్లో ఒక్కసారే కుదరకపోవచ్చు. డయాలసిస్ గదులతో మొదలుపెట్టొచ్చు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, ఊళ్లలో చిన్న డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. గుమ్మం దగ్గర వరసగా కొక్కేలు, షిఫ్టుకొకటి చొప్పున ఉతికిన పొట్టిచేతుల చొక్కాలు, విడిచినవి వేయడానికి మూతున్న డబ్బా, పక్కనే సబ్బుతో కుళాయి.